మూడు గంట్ల రేకు

హౌరాకి చేపలు తోలే లారీ
గొలుసుకి కట్టించుకుని వచ్చింది ఆటోనగర్‌కి.
డిప్‌స్టిక్కు లాగితే నూనె కాదు,
పాలు ఎక్కువైన కాఫీ.
"నేనేం ముట్టుకోలేదమ్మా" అన్నాడు ఏసుపాదం,
ఎవరూ అడక్కముందే.

మీరా మామ మాట్లాడలేదు. హెడ్డు లేపాడు.
పాత ప్యాకింగుని రెండు చేతులతో
పచ్చి అప్పడంలా తీసి
వెలుతురుకి పట్టాడు.
మూడో సిలిండరుకీ నాలుగోదానికీ మధ్య
వేలెడంత గట్టు. అది కాలిపోయింది.
"పంపు ఎక్కడ బిగించావ్?"
ఏసుపాదం చెప్పు కొసకంటిన గ్రీజు చూసుకుంటూ,
"బరంపురం అవతల... అందరూ నన్ను దాటిపోతున్నారని."
టర్బో ఈలకి నెల్రోజులు మురిశాడట.

కొలతలు నావి, బిగింపు ఆయనది.
రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు,
ఇక ఇనుము సంగతెందుకు?
అందుకే తెల్లారి ఐదింటికి,
షెడ్డు రేకులు కాగకముందే
స్ట్రెయిట్ ఎడ్జి ఐమూలగా పెట్టి చూశాను.
మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు రేకు
దూరకూడదు.
దూరింది. దూరి, ఊగింది కూడా.

హెడ్డు గ్రైండింగుకి పోయింది.
దావూదుకి ఒకటే చెప్పాను:
గోరు పెట్టి గీస్తే గోరుకి తెలియకూడదు.

కొట్టువాడు మూడు రకాలు పరిచాడు.
నల్లది, చవక. నెమ్మదిగా నడిచే ముసలి బళ్లకి చాలు.
రాగిది పెళ్లికూతురిలా మెరుస్తుంది గానీ
నీళ్ల దారుల దగ్గర చెమరుస్తుంది.
మూడోది పొరల ఉక్కు.
సిలిండరు చుట్టూ సన్నటి ఉబ్బు,
వేలితో నొక్కితే అణిగి మళ్లీ లేస్తుంది.
బూస్టుకి హెడ్డు వెంట్రుకవాసి లేచినా
తనూ లేచి సందు మూస్తుంది.

"మందంది వెయ్యండి, గట్టిగుంటది" అన్నాడు ఏసుపాదం.
మామ నవ్వాడు. "మందం వేరు, గట్టితనం వేరురా."
ఆరు పిస్టన్ల మీదా డయల్ గేజి పెట్టాను.
ఐదోది అందరికంటే తలెత్తుకుని ఉంది.
దాని మాటే చెల్లాలి.
అంచున మూడు గంట్లున్న రేకు, అన్నిట్లోకీ మందమైనది.
అతను అడిగిందే వచ్చింది,
అతను అడిగినందుకు మాత్రం కాదు.

బోల్టు గుంతల్లో గాలి కొట్టాం.
చుక్క నూనె మిగిలినా
బిగించేటప్పుడు పోయే దారిలేక బ్లాకునే చీలుస్తుంది.
పనికుర్రాడు సిల్వా జిగురు ట్యూబు తెచ్చాడు;
మామ వాడి చేతి మీద చిన్నగా కొట్టాడు.
పాత బోల్టులు సాగిపోయాయి, పక్కన పడేశాం.

నడిమినుంచి బయటికి,
చాప పరిచి ముడతలు తోసినట్టు.
ముందు ఏడు కేజీలు. టార్క్ రెంచి టక్కుమంది.
ఇరవయ్యారు టక్కులు. నేను పైకి లెక్కపెట్టాను,
పద్దెనిమిది దగ్గర టీ కుర్రాడు పిలిస్తే
మళ్లీ మొదటికొచ్చాం.
తర్వాత పద్నాలుగు.
ఆపైన ఒక్కో బోల్టు తలమీద సుద్దచుక్క పెట్టి
పావు మలుపు.
కృష్ణ వైపు చూస్తున్న చుక్కలన్నీ
బెంజి సర్కిలు వైపు తిరిగాయి.

సాయంత్రం స్టార్టు చేశాం.
రేడియేటరు మూత తీసి నేను వంగి చూస్తున్నాను.
ఒక బుడగ.
షెడ్డులో ఎవరూ ఊపిరి తీయలేదు.
రెండోది వస్తుందేమోనని పావుగంట నిలబడ్డాను,
ముక్కు మీద చెమట నీళ్లలో పడుతుంటే.
రాలేదు.

ఏసుపాదం కైకలూరుకి ఫోను చేశాడు,
రేపు రాత్రికి ఐసు కొట్టించమని.
ఎక్కబోతూ బానెట్టు దగ్గర ఆగాడు.
పంపు స్క్రూకి మామ తీగ చుట్టి
సీసపు సీలు వేశాడు, సెనగగింజంత.
దానివంక చూశాడు. చాలాసేపు చూశాడు.
అతను చూడటాన్ని నేను చూశాను.